నాన్నకు చిన్న వయసులోనే గుండెపోటు వస్తే పిల్లలకూ తప్పదా?

"నాన్నకు 42 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. జన్యువుల్లోనే ఉంటే మేమేం చేయగలం?" అని అడిగారు. చేయగలిగింది చాలా ఉందండీ, అదీ ఇప్పుడే.

ఎక్కువమందిలో ముప్పు ఒక్క జన్యువుతో రాదు, చిన్నచిన్న తేడాలు ఎన్నో కలిసి పెంచుతాయి. 2007లో 9వ క్రోమోజోమ్ మీద బయటపడిన తేడా అలాంటిదే.

మీరు ముందుగా చూసుకోవాల్సింది మాత్రం వంశపారంపర్య అధిక కొలెస్ట్రాల్. కాలేయ కణాల మీదుండే ఎల్‌డీఎల్ రిసెప్టార్లు రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను (దాన్నే ఎల్‌డీఎల్ అంటారు) లోపలికి లాగేస్తాయి. వాటి జన్యువులో లోపముంటే ఆ కొలెస్ట్రాల్ పుట్టినప్పటి నుంచే రక్తంలో మిగిలిపోతుంది. దాదాపు 250 మందిలో ఒకరికి ఈ సమస్య ఉంటుంది. ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 190 మిల్లీగ్రాములు దాటినా, మడమ వెనక స్నాయువు దళసరిగా తగిలినా అనుమానించాలి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. కాబట్టి మీ తోబుట్టువులంతా లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొలెస్ట్రాల్ పరీక్ష) చేయించుకోండి, ఆలస్యం చేయకండి. ఉందని తేలితే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు బాగా పనిచేస్తాయి.

జన్యువులు కాపాడతాయి కూడా. పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్ ఆ రిసెప్టార్లను నాశనం చేస్తుంది. దాన్ని తయారుచేసే జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పనిచేయని అమెరికన్ నల్లజాతీయుల్లో ఎల్‌డీఎల్ 28 శాతం, గుండెజబ్బు ఏకంగా 88 శాతం తక్కువని 2006లో తేలింది. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు ఇప్పుడు దొరుకుతున్నాయి.

ఇక అలవాట్ల సంగతి. జన్యుపరంగా ముప్పు బాగా ఎక్కువున్నవారిలోనూ పొగతాగకుండా, బరువు పెరగకుండా, వ్యాయామం చేస్తూ, మంచి తిండి తినేవారికి ముప్పు దాదాపు సగానికి తగ్గిందని 2016లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపింది.