ఇల్లు మారలేదు, కొమ్యూన్ మారింది

ప్రశ్న: మా అల్లుడుగారు నార్వేలోని బ్రాట్‌వోగ్ అనే చిన్న ఊళ్లో, ఓడలు కట్టే యార్డులో పనిచేస్తున్నారు. 2023లో వచ్చిన కాగితాల మీద ఓలెసుండ్ అని ఉండేది. మరుసటి ఏడాది నుంచి హారామ్ అని వస్తోంది. ఇల్లు మాత్రం మారలేదంటున్నారు. ఈ తేడా ఎందుకు వచ్చింది? ఓలెసుండ్ ఎలాంటి ఊరు?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అక్కడ స్థానిక పాలనకు మూలం కొమ్యూన్. పట్టణానికి మునిసిపాలిటీ, పల్లెకు పంచాయతీ అని మనకున్న తేడా అక్కడ లేదు. పట్నమూ దాని చుట్టూ ఉన్న పల్లెలూ దీవులూ కూడా ఒకే కొమ్యూన్ కింద ఉండవచ్చు. ఈ ఏర్పాటు 1838 నుంచి ఉంది.

ఓలెసుండ్ పేరులోని ‘సుండ్’ అంటే జలసంధి. పాత పట్నం ఆస్పోయ, నోర్వోయ అనే దీవుల మీద ఉంది. రెంటి మధ్యనున్న ఇరుకైన నీటిపాయకు ఇరువైపులా పాత చేపల గిడ్డంగులు ఇప్పటికీ నీళ్లలో కాళ్లు పెట్టుకుని నిలబడినట్టు కనిపిస్తాయి. కాడ్ చేపను ఉప్పువేసి ఎండబెట్టి ఎగుమతి చేయడం ఈ రేవుకు పేరు తెచ్చిన వ్యాపారం. 1848లో పట్టణ హోదా వచ్చింది. 1904 జనవరి 23న పెనుగాలిలో లేచిన మంటలకు సుమారు 850 ఇళ్లు కాలిపోయి, పదివేలమందికి పైగా నిరాశ్రయులయ్యారు. అప్పటిదాకా ఉన్నవి చాలావరకు కొయ్య ఇళ్లు. తరువాత కొద్ది సంవత్సరాలలోనే ఇటుకతో, రాతితో, ఆనాటి కొత్త బాణీ అలంకారాలతో ఊరిని తిరిగి కట్టారు. నేడు యాత్రికులు చూడవచ్చేది ఆ ఊరినే.

ఇక సరిహద్దుల సంగతి. 1968లో పక్కనున్న బోర్గున్ కొమ్యూన్‌ను ఓలెసుండ్‌లో కలిపారు. కానీ అందులోని సూల 1977లో విడిపోయి సొంత కొమ్యూన్ అయింది. ఇంత దగ్గరి ఉదాహరణ ఉండి కూడా 2020లో హారామ్, సాండోయ్, షూడ్యె, ఓర్స్‌కోగ్ కొమ్యూన్లను ఓలెసుండ్‌తో కలిపేశారు. హారామ్ మండలి వద్దన్నా, 2017లో పార్లమెంటు విలీనాన్నే ఖాయం చేసింది. 2021లో వచ్చిన ప్రభుత్వం అలా బలవంతంగా కలిపినవాటికి విడిపోయే దారి తెరవడంతో, 2022లో పార్లమెంటు ఒప్పుకోగా 2024 జనవరి 1న హారామ్ మళ్లీ విడి కొమ్యూన్ అయింది. మీ అల్లుడుగారుండే బ్రాట్‌వోగే దాని పాలనాకేంద్రం. 2007లో చుట్టుపక్కల పురసభలనూ గ్రామాలనూ కలిపి పెంచిన బెంగళూరు పాలికెను (నగరపాలక సంస్థను) 2025లో ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టిన ఊళ్లో ఉంటున్నారు కనుక, ఇది మీకు వింతగా తోచకపోవచ్చు. తమాషా ఏమిటంటే, విడిపోవడానికి అనుమతి దొరికిన 2022లోనే, అంతకుముందు పడవలే దిక్కైన హారామ్ దీవులను సముద్రగర్భ సొరంగాలతో, వంతెనలతో ప్రధాన భూభాగానికి కలిపే దారి కూడా తెరుచుకుంది.

జిల్లా మాత్రం మారలేదు. రెండు కొమ్యూన్లూ మోరె ఒగ్ రూమ్స్‌దాల్‌లోనే ఉన్నాయి. పాత కాగితాలను పారవేయకండి. ప్రతి కొమ్యూన్‌కూ ఒక సంఖ్య ఉంటుంది: 1507 అని ఉంటే అది అందరూ కలిసి ఉన్న నాలుగేళ్లది, 1580 అని ఉంటే కొత్త హారామ్‌ది. విడిపోయాక ఓలెసుండ్‌కు కూడా 1508 అనే కొత్త సంఖ్య ఇచ్చారు.