టిప్పర్ సెన్సర్‌కి పేటెంట్ వస్తుందా? వీడియో పెట్టేశాను, ఓనర్ తనదంటున్నారు

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో టిప్పర్ బాడీలు, హైడ్రాలిక్స్ చేసే షెడ్డులో మెకానిక్‌ని. బాడీ పూర్తిగా దిగకముందే బండి కదిలిస్తే కరెంటు తీగలకో వంతెనకో తగులుతుంది. ఛాసిస్ మీద పెట్టే మామూలు స్విచ్ బురద పట్టి తప్పు చూపిస్తోంది. అందుకని బాడీ వెనక హింజ్ పిన్ను చివర అయస్కాంతం, దానికెదురుగా యాంగిల్ సెన్సర్ బిగించాను. బాడీ లేచి ఉండగా గేరు వేస్తే బజర్ మోగుతుంది. రెండు బండ్లకు డబ్బు తీసుకుని పెట్టాం. నాలుగు నెలల కిందట యూట్యూబ్‌లో వీడియో పెట్టాను. ఆ తర్వాత, బాడీ దిగి ఆనే కింది రబ్బరు ప్యాడ్లు అరిగినా, పూర్తిగా దిగిందని చూపే సున్నా రీడింగు దానంతటదే సరిచేసుకునేలా మార్చాను. అది ఇంకా ఎవరికీ చూపించలేదు. పేటెంట్ తన పేరున వేస్తానని ఓనర్ అంటున్నారు. నాకు హక్కు లేదా సార్?

జవాబు: ఓనర్ సంగతి తర్వాత చూద్దాం, మీకు అసలు చిక్కు ఆ వీడియోతోనే. దరఖాస్తు వేసే రోజుకి విషయం జనానికి తెలిసిపోయి ఉంటే అది మన పేటెంట్ చట్టం ప్రకారం కొత్తది కాదు, కొత్తది కాకపోతే పేటెంట్ రాదు. చాలామంది ఏడాది గడువు ఉందనుకుంటారు. ఆ గడువు కేంద్రం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్లలో ప్రదర్శన, పండిత సంఘాల ముందు చదివిన పత్రం వంటి కొద్ది సందర్భాలకే. యూట్యూబ్ అందులోకి రాదు. పనితీరు పరీక్షించడానికి బయట వాడి చూస్తే 32వ సెక్షన్ కింద కొంత రక్షణ ఉంది కానీ, డబ్బు తీసుకుని బిగించిన బండిని ట్రయల్ అని నమ్మించడం కష్టం.

వీడియో ఒకసారి మళ్లీ చూడండి. బజర్ మోగడం మాత్రమే కనిపిస్తోందా, పిన్ను విప్పి అయస్కాంతం, సెన్సర్ ఎలా కూర్చున్నాయో కూడా చూపించారా? చూసినవాడు చూసినట్టే తయారు చేసుకోగలిగితే ఆ భాగం చేయి దాటినట్టే. ఇప్పుడు డిలీట్ చేసినా వెనక్కి రాదు.

అసలు వీడియో లేకపోయినా మొదటి మోడల్‌కి గట్టి పోటీ ఉండేది. అమెరికా సుప్రీంకోర్టు 2007లో కేఎస్‌ఆర్, టెలిఫ్లెక్స్ అనే రెండు కంపెనీల కేసు తేల్చింది. మీ పనికి దగ్గరి చుట్టమే. డ్రైవర్ ఎత్తుకు తగ్గట్టు జరుపుకునే యాక్సిలరేటర్ పెడల్‌కి, కదలని ఇరుసు దగ్గర ఎలక్ట్రానిక్ సెన్సర్ పెట్టడం తమ ఇన్వెన్షన్ అని టెలిఫ్లెక్స్ వాదన. అలాంటి పెడల్ ముందే ఉంది, సెన్సర్లూ ఉన్నాయి. కదిలే చోట పెడితే వైర్లు రాసుకుని దెబ్బతింటాయి కాబట్టి కదలని భాగం మీద పెట్టమని పాత పేటెంటులో ఉంది. ఈ రెంటినీ కలపడం ఆ పని తెలిసిన ఎవరికైనా తట్టేదేనని జడ్జీలందరూ ఒకే మాటగా తేల్చారు. ఆ తీర్పు మన దగ్గర చెల్లదు, కానీ దరఖాస్తు పరిశీలించే మన పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ కూడా ఇదే ప్రశ్న వేస్తాడు. లేత్ మీద పాత్రలు చేసే పద్ధతిపై 1978లో మన సుప్రీంకోర్టు కూడా, వర్క్‌షాపులో చేసుకునే మామూలు మెరుగుదల ఇన్వెన్షన్ కాదని చెప్పింది. తెలిసిన పరికరాలు పక్కపక్కన పెడితే, ఏదాని పని అది పాత పద్ధతిలోనే చేసుకుంటూ పోతే, 3వ సెక్షన్ పేటెంట్ ఇవ్వనివ్వదు.

కాబట్టి మీ ఆశ రెండో మార్పు మీదే పెట్టుకోండి. అక్కడ నాకో అనుమానం. బురద ముద్ద మీద బాడీ ఆగిపోతే మీ సెన్సర్ డబ్బా ఆ కోణాన్నే సున్నాగా తీసుకుంటుందా? తీసుకోదంటే, ప్యాడ్ అరగడానికీ బురద అడ్డుపడటానికీ తేడా ఎలా పడుతోంది? బాడీని ఎత్తే హైడ్రాలిక్ జాకీలో ప్రెషర్ చూస్తోందా, పాత రీడింగులతో పోలుస్తోందా? పేటెంట్ బలం మొత్తం ఆ జవాబులో ఉంది. అది రాసేటప్పుడు ఉత్త ప్రోగ్రాంలా రాయకండి, ఉత్త ప్రోగ్రాంకి పేటెంట్ రాదు. సెన్సర్, ప్రెషర్ స్విచ్, కంట్రోలర్ కలిసి బండి మీద ఏం చేస్తున్నాయో చెప్పండి.

ముందు ప్రొవిజనల్ దరఖాస్తు, అంటే పూర్తి వివరాలు తర్వాత ఇచ్చే తొలి దరఖాస్తు వేసేయండి. తెలుగు రాష్ట్రాలకు చెన్నై పేటెంట్ ఆఫీసు, ఆన్‌లైన్‌లోనే పని అవుతుంది. వ్యక్తిగతంగా వేస్తే ఫీజు 1600 రూపాయలు. 12 నెలల్లోపు పూర్తి వివరాల దరఖాస్తు ఇవ్వాలి. దాన్ని మాత్రం మంచి పేటెంట్ ఏజెంటుతో రాయించండి, ఖర్చు అక్కడే అవుతుంది. దరఖాస్తును ఎగ్జామినర్ పరిశీలించాలని విడిగా అడగాలి, గడువు తొలి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలలు. అన్నీ దాటి మంజూరైతే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు.

ఇక ఓనర్ గారు. దరఖాస్తు వేసే హక్కు నిజంగా కనిపెట్టినవాడిది, లేదా అతను రాసిచ్చినవాడిది. జీతం ఇచ్చినందుకో, సామాను కొన్నందుకో ఎవరూ ఇన్వెంటర్ అయిపోరు. ఉద్యోగి కనిపెట్టినది యజమానికే చెందుతుందనే సెక్షన్ మన పేటెంట్ చట్టంలో లేదు. అయితే పనిలో చేరినప్పుడు ఏదైనా కాగితం మీద సంతకం పెట్టారేమో చూసుకోండి, అందులో అలాంటి షరతు ఉంటే లెక్క మారుతుంది. ఆలోచనలో ఆయన పాలు కూడా ఉంటే ఇద్దరూ ఇన్వెంటర్లే.

షెడ్డు, సామాను ఆయనవే కాబట్టి గొడవ కంటే ఒప్పందమే మేలని నా ఉద్దేశం. కానీ ఉమ్మడిగా వేస్తే ఒక మెలిక ఉంది. వేరే ఒప్పందం లేకపోతే చెరి సగం. ఎవరికి వారు తయారు చేసి అమ్ముకోవచ్చు, రెండోవారికి లెక్క చెప్పక్కర్లేదు. ఆయనకు షెడ్డు ఉంది, మీకు లేదు. పైగా మూడోవాడికి లైసెన్సు ఇవ్వాలంటే ఆయన ఒప్పుకోవాలి. అందుకే బండికి ఇంత అని మీ వాటా ముందే రాతపూర్వకంగా పెట్టుకోండి. ఆయన ఒక్కరి పేరునే వేస్తే, మంజూరు కాకముందే 25వ సెక్షన్ కింద అభ్యంతరం చెప్పవచ్చు. డ్రాయింగులు, తేదీలున్న ఫోన్ ఫోటోలు, సెన్సర్ కొన్న బిల్లులు అందుకు పనికొస్తాయి, దాచిపెట్టండి.

డబ్బా మీద స్టిక్కర్ వేయించాలనుకుంటే, దరఖాస్తు వేశాక "పేటెంట్ పెండింగ్" అని రాసుకోండి. మంజూరు కాకుండా "పేటెంటెడ్" అని రాస్తే 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు.