జపాన్‌లో ప్రధానులు అన్నిసార్లు మారారు కదా, ఆర్థిక వ్యవస్థ ఎలా నిలబడింది? అక్కడ ఉండి చూసింది చెప్తాను

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. ఏడాదికో ప్రధాని మారితే దేశం ఎలా నడిచింది అనేది ఒకటి, షింజో అబే ప్రధానిగా వచ్చి దాదాపు ఎనిమిదేళ్ళు ఉన్నాక జపాన్ నిజంగా కోలుకుందా అనేది రెండోది. నేను 2010 చివర్లో ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ పని మీద టోక్యో పక్కనుండే కవాసాకి వెళ్ళి 2017 దాకా అక్కడే ఉన్నాను. కాన్, నోదా, అబే ముగ్గురి హయాంలోనూ పన్ను కట్టినవాణ్ణి.

2006 సెప్టెంబర్‌లో కొయిజుమి దిగిపోయాక ఆరేళ్ళలో ఆరుగురు ప్రధానులు వచ్చి వెళ్ళారు. అబే (అది ఆయన మొదటి విడత), ఫుకుదా, అసో, హతోయామా, కాన్, నోదా. వీళ్ళలో జనం ఓటుతో పార్టీ మారి వచ్చింది 2009లో హతోయామా ఒక్కడే. అక్కడ పాలక పార్టీ అధ్యక్షుడే మామూలుగా ప్రధాని అవుతాడు కాబట్టి, సర్వేల్లో ఆదరణ పడిపోయిందంటే ఎన్నికల భయంతో సొంత పార్టీ వాళ్ళే మనిషిని మార్చేస్తారు.

2011 సెప్టెంబర్‌లో కాన్ వెళ్ళి నోదా వచ్చినప్పుడు మా ఆఫీసులో ఆ మాట ఎత్తినవాళ్ళే లేరు. నాకు మాత్రం టెన్షన్, వీసా పొడిగింపు దరఖాస్తు లోపల ఉంది మరి. ఏమీ కాలేదు, చెప్పిన సమయానికి వచ్చింది. టోక్యోలోని కసుమిగసేకిలో ఉండే మంత్రిత్వ శాఖల అధికారులు అంత గట్టిగా వ్యవస్థని పట్టుకుని ఉంటారు, పైన ఎవరున్నా పింఛను, ఆరోగ్య బీమా, వార్డు ఆఫీసు పని ఆగవు. ఆ ఏడాది మార్చిలో భూకంపం, సునామీ, ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం. వేసవికల్లా కరెంటు పొదుపు కోసం స్టేషన్లలో సగం లైట్లు ఆర్పేసి, ఎస్కలేటర్లు ఆపేసి, ఆఫీసుల్లో ఏసీ 28 డిగ్రీల దగ్గర పెట్టారు, చెమటలు కారుతున్నా ఎవరూ నోరెత్తలేదు. ఆ క్రమశిక్షణ చూసి ఇప్పటికీ నాకు గౌరవం.

కానీ రోజువారీ పాలన నడవడం వేరు, పదేళ్ళ తర్వాత ఫలితమిచ్చే నిర్ణయం తీసుకోవడం వేరు. 2007 జులైలో పాలక కూటమి ఎగువ సభలో మెజారిటీ పోగొట్టుకుంది, ఆ తర్వాత ప్రతిదానికీ అడ్డంకే. 2008 మార్చిలో, మన రిజర్వ్ బ్యాంకు లాంటి బ్యాంక్ ఆఫ్ జపాన్‌కి గవర్నర్‌గా ప్రతిపాదించిన పేర్లని ఎగువ సభ ఒప్పుకోకపోతే ఆ కుర్చీ మూడు వారాలు ఖాళీగా ఉండిపోయింది, అదీ ప్రపంచమంతా సంక్షోభంలోకి జారుతున్న ఏడాదిలో. సంవత్సరంలో పోతానని తెలిసిన ప్రధాని మాటకి ఏ అధికారి మాత్రం ప్రాణం పెట్టి పనిచేస్తాడు? ఇందులో నోదాని మాత్రం నేను వేరుగా చూస్తాను. జనం కొనేవాటి మీద వేసే వినియోగ పన్నుని పెంచే చట్టాన్ని 2012లో ప్రతిపక్షంతో ఒప్పందం చేసుకుని పాస్ చేయించాడు, దానికి ఆయన పార్టీ చీలింది, అదే ఏడాది డిసెంబర్‌లో అధికారమూ పోయింది.

అప్పుడు వచ్చాడు అబే, ఈసారి మూడు బాణాలంటూ. డబ్బు విపరీతంగా వదలడం, ప్రభుత్వ ఖర్చు పెంచడం, వ్యవస్థలో సంస్కరణలు. 2013 ఏప్రిల్‌లో బ్యాంక్ ఆఫ్ జపాన్ కొత్త గవర్నర్ కురోదా ధరలు పెరగక కుంగిన దేశంలో రెండేళ్ళలో ధరల పెరుగుదలని 2 శాతానికి పెంచుతానన్నాడు. యెన్ ఎలా పడిపోయిందో నాకు లెక్కతో సహా గుర్తు, ఎందుకంటే గుంటూరులో ఇంటి లోను కోసం నెలనెలా లక్ష యెన్లు పంపేవాణ్ణి. 2012 మధ్యలో అది దాదాపు 70 వేల రూపాయలు అయ్యేది, 2015 మధ్యకి 52 వేలు కూడా రాలేదు. పని అదే, జీతం అదే, నాన్న ఫోన్ చేసి ఈ నెల తక్కువ వచ్చిందేంట్రా అని అడిగితే యెన్ గురించి చెప్పుకోవాల్సి వచ్చేది.

అదే యెన్ పతనం ఎగుమతి కంపెనీలకి పండగ. 2012 చివర్లో 9 వేల దరిదాపుల్లో ఉన్న నిక్కేయ్, అంటే అక్కడి స్టాక్ మార్కెట్ సూచీ, 2015 ఏప్రిల్‌లో 20 వేలు దాటింది. నిరుద్యోగం 4 శాతం పైనుంచి 2019 నాటికి 2.4కి దిగింది. 2012లో సుమారు 84 లక్షల మంది విదేశీ పర్యాటకులు వస్తే 2019లో దాదాపు 3 కోట్ల 19 లక్షల మంది వచ్చారు. ఇవి చిన్న విషయాలు కావు, ప్రధాని కుర్చీలో కుదురుగా ఉండబట్టే ఒకే విధానం ఇన్నేళ్ళు సాగింది.

మరి జనం చేతిలోకి ఏమొచ్చింది? 2014 మార్చి 31 రాత్రి మా ఇంటి దగ్గర సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను, తెల్లవారితే నోదా చట్టం ప్రకారం వినియోగ పన్ను 5 నుంచి 8 శాతం. టాయిలెట్ పేపర్ పెట్టే అరలు ఖాళీ, ఒక ముసలావిడ రెండు బియ్యం బస్తాలు బండిలో పెట్టుకుని లైన్లో నిలబడింది, పక్కన కుర్రాడు ధరల చీటీలు మారుస్తున్నాడు. మర్నాటి నుంచి 100 యెన్ల షాపులో 105 కాస్తా 108 అయింది, అందరి జేబుల్లోనూ ఒక్క యెన్ నాణేలు పోగుపడ్డాయి. ఆ దెబ్బకి జనం కొనడం తగ్గించారు, ఆర్థిక వ్యవస్థ కుంగింది, 10 శాతానికి పెంచడాన్ని అబే రెండుసార్లు వాయిదా వేసి 2019 అక్టోబర్‌లో గానీ చేయలేదు.

నా పక్క సీట్లో ఒకాయన ఉండేవాడు, 40 దాటినవాడు, హాకెన్ అంటే ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్ట్ ఉద్యోగి. నాకన్నా బాగా పనిచేసేవాడు, నాకు ఎన్నో నేర్పాడు, ఆయనకి మాత్రం బోనస్ లేదు. జూన్‌లో మాకు బోనస్ స్లిప్పులు ఇచ్చే రోజు ఆయన సెలవు పెట్టేవాడు. అప్పట్లో జపాన్ ఉద్యోగుల్లో నూటికి 37, 38 మంది ఇలా రెగ్యులర్ కాని వాళ్ళే. మూడో బాణం తాకాల్సింది ఇక్కడే, నా దృష్టిలో అక్కడే అది తప్పిపోయింది. అంత బలమైన మెజారిటీ, అంత సమయం ఉండి కూడా చేయలేదే అన్నది నా బాధ.

జీతాల్లో కదలిక వచ్చింది అబే పదవి దిగిపోయాక, అదీ దిగుమతుల ధరలు మండిపోయి తప్పనిసరి అయ్యాక. 2024 వసంతంలో జరిగే జీతాల చర్చల్లో, షుంతో అంటారు, పెంపు సగటున 5 శాతం దాటింది, 33 ఏళ్ళలో అంత లేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో నిక్కేయ్ 1989 నాటి రికార్డుని దాటింది, మార్చిలో మైనస్ వడ్డీ రేట్లు, అంటే బ్యాంకులు తన దగ్గర ఉంచే డబ్బులో కొంతదానికి బ్యాంక్ ఆఫ్ జపాన్ ఎదురు వసూలు చేసే పద్ధతి, ఎత్తేశారు. అయినా ధరలతో పోలిస్తే అసలు జీతం 2022 నుంచి 2024 దాకా మూడేళ్ళూ తగ్గింది. అబే దిగిపోయాక కుర్చీలు మళ్ళీ కదలడం మొదలైంది, తర్వాత తర్వాత దానికి ఆ కోపమూ తోడైంది. సుగా ఒక ఏడాది, కిషిదా మూడేళ్ళు, ఇషిబా మళ్ళీ ఒక ఏడాది, 2025 అక్టోబర్‌లో తకాయిచి, తొలి మహిళా ప్రధాని.

నా పక్క సీటు ఆయనతో ఇప్పటికీ మాటలున్నాయి. 2024లో ఏజెన్సీ గంట రేటు 50 యెన్లు పెంచిందని సంతోషంగా మెసేజ్ పెట్టాడు. మరుసటి వేసవిలో ఒక ఫొటో పంపాడు, 5 కిలోల బియ్యం సంచి, పక్కన 4 వేల పైన ధర. ఏడాది కింద దాదాపు అందులో సగానికే కొనేవాడినని కింద రాశాడు.