డౌన్ సిండ్రోమ్ బాబుకు టీఎస్‌హెచ్ 7.4 వచ్చింది.. మాత్ర మొదలుపెట్టాలా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. డౌన్ సిండ్రోమ్ ఉంది. పుట్టినప్పుడు, ఏడాది నిండినప్పుడు చేసిన థైరాయిడ్ పరీక్షలు నార్మల్‌గానే ఉన్నాయి. ఈమధ్య మలబద్ధకం ఎక్కువైంది, చర్మం పొడిబారుతోంది, హుషారు తగ్గింది, రాత్రిళ్లు గురక పెడుతున్నాడు. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 7.4 వచ్చింది. ఒక డాక్టర్ వెంటనే మాత్ర వేయాలంటే, ఇంకొకరు ఆగమన్నారు. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి

డాక్టర్ సలహా: మీ ఉత్తరంలో టీఎస్‌హెచ్ ఉంది గానీ, ఫ్రీ టీ4 (రక్తంలో ఉండే అసలు థైరాయిడ్ హార్మోన్) ఎంతో రాయలేదు. మాత్ర వేయాలా వద్దా అన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది. రిపోర్టులో ఉందేమో చూడండి. లేకపోతే చేయించాలి.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథిలో తయారయ్యేది కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని విడుదల చేసి, థైరాయిడ్‌తో పని చేయిస్తుంది. థైరాయిడ్ కాస్త మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఫ్రీ టీ4 మామూలుగానే ఉండి, టీఎస్‌హెచ్ మాత్రం 5 నుంచి 10 మధ్య ఉండటం చాలా తరచుగా చూస్తాం. వీరిలో చాలామందికి ఏ మందూ లేకుండానే అది తగ్గిపోతుంది. పైగా కొన్ని ల్యాబులు పిల్లల రిపోర్టు మీద కూడా పెద్దవాళ్ల కొలతలే ముద్రిస్తాయి. చిన్నపిల్లల్లో పై హద్దు కొంచెం ఎక్కువే ఉంటుంది.

మరి లక్షణాల మాటేమిటంటారా? అక్కడే చిక్కు. మలబద్ధకం, పొడి చర్మం, కండరాల పట్టు తక్కువగా ఉండటం, ఎదుగుదల నెమ్మదించడం.. థైరాయిడ్ బాగున్నా డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఇవి కనిపిస్తాయి. థైరాయిడ్ తగ్గినా ఇవే. అందుకే లక్షణాలు వచ్చేదాకా ఆగకుండా పుట్టగానే, ఆరో నెలలో, ఏడాదికి, ఆపైన ఏటా రక్తపరీక్ష చేయించమంటాం. పుట్టినప్పుడు నార్మల్ వచ్చినంత మాత్రాన ధీమా పనికిరాదు. సొంత రోగనిరోధక శక్తే థైరాయిడ్ మీద దాడి చేసే సమస్య వీరిలో వయసుతో పాటు పెరుగుతుంది.

గురకను మాత్రం థైరాయిడ్ ఖాతాలో వేసి వదిలేయకండి. ఈ పిల్లల్లో నిద్రలో శ్వాసకు అడ్డం పడటం ఎక్కువ. పగటి నీరసానికి అదే కారణం కావచ్చు. గురక లేకపోయినా మూడు, నాలుగేళ్ల మధ్య ఒకసారి నిద్ర పరీక్ష చేయించాలన్నది ఇప్పుడున్న సూచన. మలబద్ధకం తగ్గకపోతే సీలియాక్ వ్యాధి (గోధుమల్లోని గ్లూటెన్ పడకపోవడం వల్ల పేగు దెబ్బతినే సమస్య) గురించి కూడా డాక్టర్‌ను అడగండి.

ఫ్రీ టీ4 నార్మల్‌గా ఉంటే, నా ఉద్దేశంలో ఆగమన్న డాక్టర్ మాటే సబబు. రెండు మూడు నెలల తర్వాత టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 మళ్లీ చూడాలి. వాటితో పాటు యాంటీ టీపీఓ యాంటీబాడీలు (రోగనిరోధక శక్తి థైరాయిడ్ మీద దాడి చేస్తోందని చెప్పే గుర్తులు) కూడా. బాబుకు జ్వరం, జలుబు ఉన్నప్పుడు రక్తం ఇవ్వొద్దు. బయోటిన్ ఉన్న విటమిన్ సిరప్ వాడుతుంటే డాక్టర్‌కు చెప్పి కనీసం రెండు రోజుల ముందు ఆపండి. అది కొన్ని ల్యాబుల్లో ఫలితాన్నే తారుమారు చేస్తుంది. టీఎస్‌హెచ్ 10 దాటి అలాగే ఉన్నా, ఫ్రీ టీ4 తగ్గినా లీవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) మొదలుపెట్టాల్సిందే. యాంటీబాడీలు మాత్రమే ఉంటే ఆరు నెలలకోసారి పరీక్ష చాలు.

'ముందుజాగ్రత్తగా వేస్తే పోయేదేముంది?' అని చాలామంది అడుగుతారు. నెదర్లాండ్స్‌లో డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన శిశువులకు రెండేళ్ల పాటు ఈ మందు ఇచ్చి చూశారు. 2005లో వెలువడిన ఫలితాల్లో కదలికల్లో కొద్దిపాటి మెరుగు కనిపించింది. అదే పిల్లలను పదేళ్ల వయసులో చూస్తే తెలివితేటల్లో గానీ కదలికల్లో గానీ తేడా లేదు. డోసు ఎక్కువైతే నిద్రపట్టకపోవడం, చిరాకు, గుండె దడ వస్తాయి.

ఒకవేళ మాత్ర అవసరమైతే పొడి చేసి, చెంచాడు నీళ్లలో కలిపి, పరగడుపున రోజూ ఒకే వేళకు ఇవ్వండి. ఐరన్, కాల్షియం మందులకూ దీనికీ నాలుగు గంటల తేడా ఉండాలి. డోసు మార్చినప్పుడల్లా ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేయాలి.

మూడేళ్ల లోపు పిల్లలైతే మెదడు ఎదుగుదల కోసం ఇంత నిదానించం. మీ బాబుకు నాలుగేళ్లు కాబట్టి ఆగే వీలుంది. ఈలోగా మెడ ముందు వాపు కనిపించినా, ఎత్తు పెరగడం ఆగిపోయినా, లేదా దీనికి పూర్తి విరుద్ధంగా బరువు తగ్గి, చెమటలు పట్టి, గుండె వేగంగా కొట్టుకుంటున్నా రెండు నెలలు చూడకండి. వెంటనే పిల్లల ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల నిపుణుణ్ని) కలవండి.