పాత శాంప్లర్ అసలుదేనా? ముందు తిరగేసి చూడండి

యాంటిక్ ఫెయిర్‌లో 1786 అని కుట్టిన ఇంగ్లిష్ శాంప్లర్‌ను 450 పౌండ్లకు ఇస్తామంటున్నారని, అది నిజంగా అంత పాతదో కాదో ఎలా తేల్చుకోవాలని అడిగారు. నేను పదకొండేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటూ ఇవి కొంటున్నాను. ఒకసారి బాగా మోసపోయాను, అక్కడినుంచే చెబుతాను.

తెలియనివాళ్ల కోసం: శాంప్లర్ అంటే అప్పటి ఆడపిల్లలు కుట్టు నేర్చుకుంటూ అక్షరాలు, అంకెలు, పూల అంచులు, చివర తమ పేరు, వయసు, సంవత్సరం కుట్టిన బట్ట. తేదీ ఉన్న బ్రిటిష్ శాంప్లర్లలో అన్నిటికన్నా పాతది 1598 నాటి జేన్ బోస్టాక్‌ది. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

నేను కొన్నదాని మీద తొమ్మిదేళ్ల పిల్ల పేరు, ఊరి పేరు, 1738 అని ఉన్నాయి. ఇంటికి తెచ్చి భూతద్దంతో చూస్తే 7 అంకె దారం పక్కవాటికంటే కొంచెం మెరుస్తోంది. దాని చుట్టూ ఖాళీ సూది రంధ్రాలు. వాటిని కలుపుకుంటూ పోతే 8 వచ్చింది. తర్వాత 1841 జనాభా లెక్కల్లో వెతికితే అదే ఊళ్లో అదే పేరుతో పన్నెండేళ్ల అమ్మాయి కనిపించింది. అంటే పిల్ల నిజం, కుట్టు నిజం, వందేళ్లు మాత్రం ఎవరో చేర్చారు. డబ్బు పోయినదానికంటే, ఆ పిల్ల కష్టపడి కుట్టిన అంకెను విప్పేశారన్న బాధే నాకు ఎక్కువైంది.

కాబట్టి దొంగది అంటే మొత్తం కొత్తగా కుట్టిందే అనుకోకండి. అలాగని అంకె ఊడి ఉన్నంత మాత్రాన మోసమనీ అనలేం. పెద్దయ్యాక వయసు బయటపడకూడదని కుట్టినవాళ్లే సంవత్సరం ఊడదీసిన సందర్భాలు ఉన్నాయి. అక్కడ చోటు ఖాళీగా ఉంటుంది, వేరే దారం ఉండదు.

ఫ్రేమ్ విప్పించి వెనకవైపు చూడండి. వెలుతురు తగలని ఆ వైపు రంగులు ముందుకంటే ముదురుగా ఉండాలి. రెండు వైపులా ఒకేలా వెలిసి, బట్టా దారాలూ ఒకే గోధుమ ఛాయలో ఉంటే టీ డికాషన్‌లో ముంచారేమోనని నాకు అనుమానం వస్తుంది. వయసుతో వచ్చే పసుపు అంత సమానంగా ఉండదు, కుట్ల కింద దాగిన బట్ట తేటగానే ఉంటుంది. నల్ల పట్టుదారం కూడా చూడండి. ఆ రంగుకు ఇనుము వాడేవారు, అది కాలం గడిచేకొద్దీ పట్టును తినేస్తుంది. చాలా పాతవాటిలో ఆ కుట్లు రాలి రంధ్రాలే మిగులుతాయి. నలుపు కొత్తగా నిగనిగలాడుతుంటే అక్కడ ఆగి చూడాలి.

బట్ట మన ఇళ్లలో క్రాస్ స్టిచ్ కుట్టే మ్యాటీ క్లాత్‌లా గళ్లుగళ్లుగా ఉంటే 1786 కానే కాదు. అప్పట్లో చేత్తో నేసిన లినెన్‌లో (అవిసె నార బట్టలో) పోగు ఒకచోట లావు, ఒకచోట సన్నం. 1856లో పెర్కిన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త రసాయన రంగు కనిపెట్టాక వచ్చిన గాఢమైన మెజెంటా లాంటివి కనిపించినా అంతే. యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ వేస్తే నీలి తెలుపుగా వెలిగే దారం ఈ కాలందేమోనని అనుమానించండి. అయితే పాత బట్టను ఇప్పటి డిటర్జెంట్‌తో ఉతికినా అలాగే వెలుగుతుంది, అందుకే దాన్ని ఒక్కదాన్నే నమ్మను.

ఫ్రేమ్ విప్పడానికి ఒప్పుకోకపోతే ఆ ధర పెట్టకండి. ఒప్పుకుంటే వెనకవైపు, సంవత్సరం అంకెల దగ్గర ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.