లేక్ ట్రిప్ సరే, మీలో ఈతొచ్చిన వాళ్ళెంతమంది?

మే నెలలో సెమిస్టర్ అయిపోగానే ఇక్కడ అమెరికాలో మన తెలుగు స్టూడెంట్స్ గ్రూపుల్లో మొదలవుతుంది, ఈ వీకెండ్ లేక్‌కి పోదామా, ఎవరి కారు ఖాళీ, చికెన్ ఎవరు నానబెడతారు అని. డాలస్ చుట్టుపక్కలైతే లూయిస్‌విల్ లేక్, గ్రేప్‌వైన్ లేక్, రే హబ్బర్డ్, ఇవే తిరుగుళ్ళు. వెళ్ళండి, వద్దని ఎవరంటారు. కానీ ఆ వచ్చేవాళ్ళలో ఈత ఎంతమందికి వచ్చు అని మాత్రం ఒక్కరూ అడగరు. సమ్మర్ వచ్చిందంటే ఇక్కడి నుంచి మన పిల్లల వార్త ఏదో ఒకటి వినాల్సొస్తోంది, ఒక్కోసారి రెండు పేర్లు కలిపి, ఒకడు జారితే వాణ్ణి పట్టుకోబోయి ఇంకొకడు. అందుకే కొత్తగా వచ్చినవాళ్ళు క్రెడిట్ కార్డు గురించి అడిగినా కారు గురించి అడిగినా చివర్లో నేనూ ఒకటి అడుగుతా, ఈతొచ్చా అని.

"వచ్చక్కా, మా ఊరి బావిలో నేర్చుకున్నా" అంటారు కొందరు. బావిలో నాలుగు బారలు వేస్తే గోడ చేతికందుతుంది, పైన ఎవరో ఒకరు చూస్తుంటారు. ఇక్కడ అదేం ఉండదు. టెక్సాస్‌లో లేక్ అంటే చాలావరకు డ్యామ్ కట్టి నింపిన రిజర్వాయరే, అడుగున పాత వాగుల గుంటలు, చెట్ల మొద్దులు అలాగే ఉంటాయి, నడుము లోతులో నిలబడి ఫోటో దిగుతున్నవాడు ఇంకో అడుగు వెనక్కి వేస్తే కాలికి నేల అందకపోవచ్చు, నీళ్ళేమో మట్టి రంగు, పడ్డవాడు ఎక్కడున్నాడో పైనుంచి కనపడదు. చాలా చోట్ల లైఫ్‌గార్డ్ కూడా ఉండడు.

అసలు ఈత రావడం అంటే రెడ్‌క్రాస్ వాళ్ళు ఐదు పనులు చెప్తారు. తల మునిగే లోతులోకి దిగి మళ్ళీ పైకి రావాలి, 1 నిమిషం తేలాలి లేదా కాళ్ళాడిస్తూ ఉన్నచోటే ఉండాలి, గుండ్రంగా తిరిగి బయటికి దారి ఎటో చూసుకోవాలి, 25 గజాలు ఈదాలి, నిచ్చెన లేకుండా గట్టెక్కాలి. ఇవి వస్తే చాలు, ఫ్రీస్టైల్ అందంగా వేయక్కర్లేదు. ఈత రాదని సిగ్గుపడొద్దు, ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కల్లో అమెరికాలోనే దాదాపు 4 కోట్ల మంది పెద్దవాళ్ళకి ఈత రాదు. వైఎంసీఏలో, సిటీ రిక్రియేషన్ సెంటర్లలో పెద్దవాళ్ళకి క్లాసులు ఉంటాయి. ఆడపిల్లలు స్విమ్‌సూట్ గురించి తటపటాయిస్తుంటారు, ఫుల్ చేతుల రాష్‌గార్డ్ (ఈతకి వేసుకునే బిగుతు చొక్కా), పొడుగు స్విమ్ లెగ్గింగ్స్ దొరుకుతాయి, వేసుకుంటే ఎవరూ పట్టించుకోరు, కాటన్ చుడీదార్‌తో మాత్రం దిగకండి, తడిసి బరువెక్కి కిందికి లాగుతుంది.

క్లాసులో ముందు తేలడం నేర్పమని అడగండి. వెల్లకిలా పడుకోగానే అందరూ చేసే పని తల ఎత్తి కాళ్ళ వైపు చూడడం, తల లేచిందా నడుము కుంగినట్టే. చెవులు నీళ్ళలో మునగాలి, గడ్డం పైకి, చూపు ఆకాశం వైపు, ఛాతీ నిండా గాలి. చెవుల్లోకి నీళ్ళు పోతాయని కంగారు పడతారు, పోనివ్వండి, తర్వాత దులిపేసుకోవచ్చు. ఒక్కసారి ఒళ్ళు తేలిపోయాక భయం సగం పోతుంది.

అప్పటిదాకా, ఆ మాటకొస్తే తర్వాత కూడా, బోటు, కయాక్, పాడిల్‌బోర్డ్ ఏదెక్కినా యూఎస్ కోస్ట్‌గార్డ్ అప్రూవ్డ్ అని లేబులున్న లైఫ్ జాకెట్ వేసుకోండి, బకిల్స్ పెట్టుకోండి. సీటు కింద పెట్టుకున్న జాకెట్ పోలీసుకి చూపించడానికే పనికొస్తుంది. గాలి ఊదే ఫ్లోటీలు, ట్యూబులు ఆటబొమ్మలు, వాటిని నమ్మి లోతుకి పోవద్దు.

ఇంకోటి, మునిగేవాడు సినిమాలోలాగా కాపాడండీ అని చేతులూపుతూ అరవడు. నోరు నీళ్ళ అంచున మునిగి తేలుతుంటుంది, ఊపిరికే తీరికుండదు, అరుపెక్కడిది. మనిషి నిలువుగా ఉండి నిచ్చెనెక్కుతున్నట్టు చేతులు కిందికి కొడతాడు, ముందుకి మాత్రం కదలడు, 20 నుంచి 60 సెకన్లలో అయిపోతుంది. పక్కనున్నవాళ్ళు వీడు ఆడుకుంటున్నాడు అనుకుంటారు. అనుమానం వస్తే "ఏరా బానే ఉన్నావా" అని కేకేయండి, జవాబు రాకపోతే ఇక ఆలోచించక్కర్లేదు.

అప్పుడు దూకొద్దు, ఎంత ప్రాణస్నేహితుడైనా సరే. మునిగేవాడు దొరికినదాన్ని పట్టుకుని పైకెక్కాలని చూస్తాడు, మీ మెడే దొరికితే ఇద్దరూ పోతారు. గట్టు మీద బోర్లా పడుకుని కర్రో, టవలో, బెల్టో, చున్నీయో అందించండి, అందకపోతే తేలేది ఏదైనా విసరండి, కూలర్ బాక్స్ మూత బిగించి విసిరినా తేలుతుంది, మూతపెట్టిన ఖాళీ పాలక్యాన్ కూడా. ఇంకొకరు అదే నిమిషంలో 911 కొట్టాలి. ప్లాన్ లేని ఫోన్ నుంచి కూడా 911 కలుస్తుంది. అంబులెన్స్ బిల్లు ఎంతవుతుందో, వీసాకి ఏమైనా అవుతుందేమో అని అక్కడ చర్చలు పెట్టొద్దు, బిల్లు తర్వాత మాట్లాడుకుని కట్టుకోవచ్చు. లేక్ పేరొక్కటే చెప్తే వాళ్ళకి చాలదు, ఏ పార్కు, ఏ బోట్ ర్యాంప్ దగ్గరో వెళ్ళగానే ఒకరు చూసి పెట్టుకోండి.

బయటికి తీశాక మనవాళ్ళు చేసే పని పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం, ఊళ్ళో అయితే భుజాన వేసుకుని తిప్పడం కూడా చూశాం. అవేవీ చేయకండి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, టైమూ పోతుంది. పిలిస్తే పలక్క, ఊపిరి ఆడక, లేదా ఆగి ఆగి ఎగపోస్తున్నట్టుంటే, వెల్లకిలా పడుకోబెట్టి తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి నోట్లోకి 2 సార్లు ఊదండి, ఛాతీ లేవాలి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కాలి, పెద్దవాళ్ళకి కనీసం 2 అంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, మళ్ళీ 2 ఊపిర్లు, అంబులెన్స్ వచ్చేదాకా ఇదే. గుండెపోటుకి ఉత్తగా నొక్కినా చాలంటారు కదా, మునిగినవాడికి అలా కాదు, గాలి అందకే గుండె ఆగింది కాబట్టి ఊదడం ముఖ్యం. ఊదడం రాకపోతే నొక్కడమైనా ఆపొద్దు. వాంతి వస్తే పక్కకి తిప్పి నోరు తుడిచి కొనసాగించండి. ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే మెషిన్) దొరికితే ఛాతీ తుడిచి ప్యాడ్‌లు పెట్టండి. లేచి కూర్చుని బానే ఉన్నానన్నా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాల్సిందే.

పిల్లలున్నవాళ్ళకి ఒక మాట. ఇండియా నుంచి అమ్మానాన్నో అత్తామామలో రాగానే సాయంత్రం పిల్లాడితో అపార్ట్‌మెంట్ పూల్ దగ్గరికి వాళ్ళని పంపేస్తాం. ఆ పెద్దావిడకి ఈత రాదు, 911 తెలీదు, చీరతో దూకేస్తుంది. ఈ దేశంలో 1 నుంచి 4 ఏళ్ళ పిల్లలు ఎక్కువగా పోయేది నీళ్ళలో పడే. ఆ వయసు వాడు నీళ్ళలో ఉంటే ఈతొచ్చిన పెద్దవాళ్ళు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి, ఫోన్ చేతిలో ఉండకూడదు. ఆవిడకి పూల్ గోడకి తగిలించి ఉండే పొడుగు కొక్కెం కర్ర, రింగు చూపించండి, 911 నొక్కి ఏం చెప్పాలో, ఇంటి అడ్రస్‌తో సహా, కాగితం మీద తెలుగులో రాసివ్వండి. నీలం రంగు స్విమ్‌సూట్ పిల్లలకి కొనొద్దు, నీళ్ళలో కలిసిపోయి కనపడరు, ఆరెంజో, అలా మెరిసే ఇంకో రంగో తీసుకోండి.

సముద్రతీరంలో ఉన్న గాల్వెస్టన్ వెళ్తే సంగతి వేరు, అక్కడ అలల కంటే వెనక్కి లాగే రిప్ కరెంట్ భయం, రాళ్ళ గట్టుల దగ్గర అసలు దిగొద్దు, ఎర్రజెండా ఉంటే ఇసుకలోనే ఆడుకోండి. లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదకుండా తేలుతూ, ఒడ్డు వెంబడే పక్కకి ఈదాలి, లాగుడు తగ్గాక ఒడ్డుకి రావాలి.

ఈత క్లాసుల సమ్మర్ బ్యాచ్‌లు త్వరగా నిండిపోతాయి, స్ప్రింగ్‌లోనే సిటీ వెబ్‌సైట్ చూస్తుండండి, ఆ సిటీలో ఉండేవాళ్ళకి ఫీజు తరచూ తక్కువుంటుంది, అద్దె అగ్రిమెంట్ కాగితం పట్టుకెళ్ళండి.