పాస్‌వర్డుల తాళంచెవి ఎవరి దగ్గర?

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. పాఠాలకు పనికివచ్చే వెబ్ పేజీలెన్నో ఫోనులో బుక్‌మార్కులుగా దాచుకుంటే, ఫోను పాడై అన్నీ పోయాయి. కొత్త ఫోను, ఇంట్లోని ల్యాప్‌టాప్, బడి కంప్యూటర్ మూడింటిలోనూ బుక్‌మార్కులు, పాస్‌వర్డులు సింక్ (ఒకదానిలో దాచినవి అన్నింటిలోనూ కనిపించేలా) చేసుకోమని మా అబ్బాయి అంటున్నాడు. అది క్షేమమేనా?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: అమ్మా, మీ ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య నిశ్చింతగా సింక్ చేసుకోండి. బడి కంప్యూటర్‌లోకి మాత్రం పాస్‌వర్డులను రానివ్వకండి.

సింక్ చేసిన పాస్‌వర్డులు గూఢలిపిగా మారి సర్వర్‌కు చేరతాయి. దానిని విప్పే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో చూసుకోవాలి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో అది మీ ఖాతా పాస్‌వర్డు ఆధారంగా మీ పరికరంలోనే తయారవుతుంది కనుక దానిని రూపొందించే మొజిల్లా సంస్థ సైతం మీ వివరాలను చదవలేదు. అయితే ఆ పాస్‌వర్డు మరచిపోయి, రికవరీ కీ (ఇలాంటప్పుడు పనికివచ్చేలా ముందే తీసి దాచుకునే కోడ్) కూడా లేకపోతే సర్వర్‌లో దాచినవి తిరిగి రావు. క్రోమ్‌లో సాధారణంగా ఆ తాళంచెవి గూగుల్ దగ్గర ఉంటుంది కాబట్టి మరచిపోయినా కోలుకోవడం తేలిక, కానీ మీ గూగుల్ ఖాతా పరుల చేతిలో పడితే దాచుకున్న పాస్‌వర్డులన్నీ వారి చేతికి చిక్కినట్లే. అందుచేత ఏ బ్రౌజర్ వాడినా ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చే కోడ్ లాంటి రెండో తనిఖీ) తప్పనిసరిగా పెట్టుకోండి. బ్యాంకు పాస్‌వర్డును బ్రౌజర్‌లో దాచకపోవడమే మేలని నా అభిప్రాయం.

నా భయమంతా పదిమందీ వాడే కంప్యూటర్ల గురించే. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక నెట్ సెంటర్‌లో దరఖాస్తు ప్రింటు కోసం కూర్చున్నప్పుడు, చిరునామా పట్టీలో ఒక్క అక్షరం కొట్టగానే ఎవరిదో బ్యాంకు పేజీ తెరుచుకుంది; యూజర్‌నేమ్, దాని కింద పాస్‌వర్డు తాలూకు నల్ల చుక్కలు అప్పటికే నిండి ఉన్నాయి. మెయిల్ చూసుకోవడానికి వచ్చినవారెవరో బ్రౌజర్ సింక్ చేయమంటారా అని అడిగితే సరేనని నొక్కి, అలాగే లేచి వెళ్లిపోయారన్నమాట. నేనే సైన్ అవుట్ చేసి, దాచిన వివరాలు తుడిచేసి, పాస్‌వర్డులన్నీ వెంటనే మార్చుకోమని అక్కడ కనిపించిన మెయిల్ చిరునామాకు ఆ రాత్రే రాశాను. మీరు కూడా బడి కంప్యూటర్‌లో ఇదివరకే సైన్ ఇన్ చేసి ఉంటే, ఖాతాలోని పరికరాల జాబితా నుంచి దానిని తొలగించడంతో ఆగవద్దు, ఎందుకంటే అప్పటికే అందులోకి దిగిన ప్రతులు అక్కడే మిగిలిపోవచ్చు. ముఖ్యమైన పాస్‌వర్డులు మార్చుకోండి.

మరొక్క మాట. సింక్ ఉంది కదా అని బుక్‌మార్కులకు వేరే ప్రతి తీసుకోవడం మానకండి. ఒక పరికరంలో పొరపాటున చెరిపినది తక్కినవాటిలోనూ చెరిగిపోతుంది. నెలకొకసారి ల్యాప్‌టాప్‌లో బుక్‌మార్కులను ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు వస్తుంది. దానిని పెన్‌డ్రైవ్‌లో బడికి తీసుకెళ్లి అక్కడి బ్రౌజర్‌లో ఇంపోర్ట్ చేసుకుంటే, ఏ ఖాతాలోకీ సైన్ ఇన్ కాకుండానే మీ పాఠాల పేజీలన్నీ అందుబాటులో ఉంటాయి.